మూసివేసిన ఱెక్కకు సాక్షి యెవరు?

అమెరికా సంయుక్తరాష్ట్రములలో మిన్నెసోటా రాష్ట్రపు దక్షిణపుటంచున, మొక్కజొన్నచేల నడుమ, చెర్రీ గ్రోవ్ అను చిన్న పల్లె కలదు. ఏ కళాశాలయందును విమానశాస్త్రము నభ్యసింపక, చూచియు, చేసియు, చెడినదానిని మరల చేసియు నేర్చుకొనిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ అను గృహస్థుడు ఆ యూరియందే స్ప్రూస్ కఱ్ఱ, పలుచని ప్లైవుడ్, నూలుగుడ్డ, జిగురు అను నీ నాలుగింటితో ఇద్దఱు కూర్చుండదగిన విమానమును కట్టి, దానికి నలువది అశ్వముల శక్తి గల ఫోర్డు మోడల్-ఏ కారు ఇంజనును బిగించి, 1920వ దశకము ముగియునాటికి ఆకాశమున విహరింపజేసెను. కారు ఇంజను విమానమునకు పనికిరాదని వాదించిన యొక పత్రికాసంపాదకునకు చూపుటకై 1930లో అట్టి విమానములు రెండు మినియాపొలిస్ నగరమునకు ఎగిరిపోగా, ఆ సంపాదకుడే తన యభిప్రాయమును మార్చుకొనెను. 1932 నాటి ‘ఫ్లయింగ్ అండ్ గ్లైడర్ మాన్యువల్’లో దాని కొలతల పటములు అచ్చయ్యెను. ఎయిర్ క్యాంపర్ అను పేరు గల యా విమానమును నాటినుండి నేటివఱకు పలుదేశములలో సామాన్యగృహస్థులు తమ కొట్టములలోను, గ్యారేజీలలోను కట్టుచునే యున్నారు.

ఆ పల్లెకు అంతగా దూరము లేని పట్టణమున స్థిరపడిన ఆంధ్రుడొకరు, ఉద్యోగవిరమణానంతరము, ఆ విమానమునే తన గ్యారేజీలో కట్టుచున్నారు. వారి పూర్వులు గోదావరీముఖమున, తాళ్ళరేవు ప్రాంతమున, కఱ్ఱయోడలు కట్టినవారు. చెక్క కనబడినంతనే బొటనవ్రేలితో దాని నారను తడవి చూచు అలవాటు వారికి వంశానుగతము. వారి వియ్యంకులు బెంగుళూరునందును, బేగంపేటయందును లోహవిమానముల తనిఖీలో జీవితమెల్ల గడపినవారు. తాము చూడని దాని క్రింద సంతకము చేయుటను పాపముగా నెంచువారు. కుమార్తెను చూచిపోవుటకై వచ్చిన యీ పెద్దమనుష్యునకును, ఆ గృహస్థునకును నడచిన సంవాదమును, ఇరువురికిని బంధువునై దాపున కూర్చుండి వినిన నేను, వారి మాటలలోనే వ్రాయబూనితిని. మొదటివారిని నిర్మాత యనియు, రెండవవారిని పరీక్షకుడనియు పేర్కొందును.

పరీక్షకుడు: బావగారూ, మీ హస్తకౌశలమును నేను శంకించుట లేదు. ఈ గోడకు వ్రేలాడుచున్న ఱెక్క రిబ్బులను ఒక్కొక్కదానిని దింపి చూచితిని. అన్నియు నొక్కమూసలో పోసినట్లున్నవి. అయినను నాకొక సందేహము కలదు. దానిని మొదటనే చెప్పివేయుట మేలు. లోహవిమానమున రివెట్టు కంటికి కనబడును. బీట పుట్టినచో రంగుద్రవము పూసి తుడిచిన గీతగా తేలును. లోపల నున్నదానిని ఎక్స్‌రేతో చూతుము. మీ విమానమున ప్రాణములను నిలుపునది రెండు కఱ్ఱముక్కల నడుమ వెండ్రుకవాసి మందము గల జిగురుపొర. అది ఆరిన పిమ్మట నిజముగా పట్టినదో, పట్టినట్లు కనబడుచున్నదో, దానిని పాడుచేయక తెలిసికొనగల నమ్మకమైన సాధనము నా పెట్టెలో లేదు. నేను పరీక్షింపజాలని దానిని ఎగురవచ్చునని ఎట్లనగలను?

నిర్మాత: మీ సందేహము న్యాయమైనదే, బావగారూ. కాని జిగురునకు పూర్వము కఱ్ఱ యున్నది. ముందు దానిమాట వినుడు. ఇది అలాస్కా, బ్రిటిష్ కొలంబియా సముద్రతీరపు చలిలో నెమ్మదిగా పెరిగిన సిట్కా స్ప్రూస్. ఘనపుటడుగు కఱ్ఱ ఆరియున్నపుడు సుమారు 27 పౌనులు తూగును; మన టేకులో మూడింట రెండువంతులు మాత్రమే. అంత తేలికయైన కఱ్ఱ ఇంత బలము గలిగియుండుట అరుదు. అందులోను వచ్చిన ప్రతి పలకయు పనికిరాదు. వార్షికవలయములు అంగుళమునకు ఆఱింటికి తక్కువగా నుండరాదు. నార పదునైదంగుళముల పొడవులో ఒక్క అంగుళమునకు మించి ప్రక్కకు వాలరాదు. ముడి యున్నదా, బంకతిత్తి యున్నదా, చెట్టు నిలిచియుండగనే గాలికి వంగి నలిగిన జాడ యున్నదా యని దీపమును ఏటవాలుగా పెట్టి వెదకవలెను.

పరీక్షకుడు: నార వాలు కంటికి మోసము చేయునని వినియున్నాను.

నిర్మాత: చేయును. పైకి కనబడు గీతలు వలయముల గీతలు. నార వానితో కలిసియే పోవునని నియమము లేదు. చెట్టు మెలిదిరిగి పెరిగినచో రెండును విడిపోవును. అందుకే పలుచని సిరా నొక చుక్క పలకపై విడుతుము. చూడుడు.

(వారు కిటికీయొద్దనున్న పలకపై కలముతో నొక నీలపుచుక్క వదలిరి. చుక్క ఒక్క క్షణము గుండ్రముగా నిలిచి, అనంతరము ఇరువైపులకు సన్నని మీసములవలె ప్రాకసాగెను. ఆ మీసములు పలక యంచునకు సమాంతరముగా సాగుటను పరీక్షకుడు కొలబద్ద పెట్టి చూచి, మాటాడక తల యూపిరి. ఆ తల యూపుటలో నాకు గౌరవమే కనబడినది.)

పరీక్షకుడు: కఱ్ఱ విషయమున ఒప్పుకొంటిని. ఇక జిగురు సంగతి. 1931 మార్చి 31వ తేదీన కాన్సస్ రాష్ట్రములో బజార్ అను ఊరిదాపున ఫోకర్ ఎఫ్-10 జాతి విమానమొకటి గాలిలోనే ఱెక్క విఱిగి కూలినది. ఎనమండుగురు మరణించిరి, వారిలో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ శిక్షకుడు నూట్ రాక్నీ యొకడగుటచే దేశమెల్ల కదలినది. ఆ ఱెక్క ప్లైవుడ్ తొడుగు గల కఱ్ఱఱెక్క. లోపలికి చేరిన తేమ జిగురును తినివేయుచుండగా, పైనుండి చూచినవారికి ఱెక్క నున్నగా, నిండుగా, నిర్దోషముగా కనబడుచునే యున్నది. తనిఖీ చేసినవాడు సోమరి కాడు. వానికి చూచుటకు దారి లేదు. ఆ జాతి విమానములను కొంతకాలము ప్రభుత్వము నేలపై నిలిపివేసినది. లోహవిమానముల యుగము త్వరపడి వచ్చుటకు ఆ దుర్ఘటన యొక కారణమని మేము చదువుకొంటిమి. నేను పనిచేసిన శాస్త్రమంతయు ఆనాటి భయమునుండి పుట్టినదే, బావగారూ.

నిర్మాత: అది పాలజిగురు కాలము. పాలలోని కేసీను అను పదార్థముతో చేసిన యా జిగురు పొడిగానున్నంతకాలము గట్టిదే. తడి తగిలినచో బూజు దానిని ఆహారముగా తినును. తరువాత వచ్చిన రెసార్సినాల్ జిగురు నీట మరిగించినను వదలదు. నేటి ఎపాక్సీలు వేఱొక తెగ. ఒక్కొకదానికి ఒక్కొక నియమము కలదు. రెసార్సినాల్‌కు అతుకు సందులేక కుదురవలెను, గట్టి బిగింపు కావలెను, గది 21 సెంటిగ్రేడు డిగ్రీలకు తగ్గరాదు. ఈ మిన్నెసోటా హేమంతమున ఆ మూడవ నియమమే కష్టము. ఎపాక్సీ కొంచెము సందును సహించును, కొంచెము బిగింపుతోనే తృప్తి చెందును. కాని మండుటెండలో మెత్తబడు స్వభావము కలది కావున విమానమునకు లేతరంగు వేయవలెను. నేను ఎపాక్సీనే ఎన్నుకొంటిని.

పరీక్షకుడు: మంచిజిగురు మంచి అతుకగునని హామీ ఎవరిచ్చిరి?

నిర్మాత: ఎవరును ఇయ్యరు, అందుకే నేను జిగురు కలిపిన ప్రతిసారియు, విమానమునకు పూసిన తోడనే, అదే కఱ్ఱ తునకలు రెంటికి అదే జిగురు పూసి, అదేచోట, అదే చలిలో ఆరనిత్తును. దానిపై తేదీ వ్రాయుదును. మఱునాడు గాక, పూర్తిగా పండినదినమున, దానిని పట్టుగొయ్యలో బిగించి సుత్తితో విఱుతును. విఱిగినచోట నున్నని జిగురుపొర మెఱసినచో ఆనాటి పని యంతయు తీసివేయవలసినదే. కఱ్ఱయే చీలి, రెండు ముఖములకును నార అంటుకొని వచ్చినచో జిగురు కఱ్ఱకంటె గట్టిదని యర్థము.

(ఇట్లని వారు అరనుండి యొక తునకను తీసి, బిగించి, ఒక్క దెబ్బ కొట్టిరి. చీలిన ముఖములపై తెల్లని నార పేలికలు పేలికలుగా నిలిచియుండెను. జిగురుగీత ఒక ముఖమున కఱ్ఱ క్రింద దాగియున్నది. పరీక్షకుడు ఆ ముక్కను వెలుతురునకు త్రిప్పి త్రిప్పి, నారలేని తావు గోరంతయైనను కలదేమోయని చాలసేపు చూచిరి.)

పరీక్షకుడు: ఈ ముక్క మంచిదే. కాని యిది ఎగురదు గదా! మీరు పరీక్షించినది విమానమును కాదు, విమానమునకు తోబుట్టువును. 1944 చివర మనదేశముననే జరిగిన సంగతి చెప్పెదను. బ్రిటిషువారి మాస్కిటో యుద్ధవిమానములు, బాల్సా, బర్చి, స్ప్రూస్ కఱ్ఱలతో అతికినవి, భారతదేశమున వరుసగా ప్రమాదములకు లోనయ్యెను. నవంబరులో వానిని నేలపై నిలిపివేసిరి. మన ఎండకును, వానకును జిగురు నిలువలేదని తలచిరి. డి హావిలాండ్ సంస్థ హెరువర్డ్ డి హావిలాండ్‌ను బృందముతో పంపినది. అంత గొప్ప సంస్థ, అంతటి పరీక్షావ్యవస్థ గలిగియు, మన ఋతువులకు తలయొగ్గవలసివచ్చెను.

నిర్మాత: ఆ కథను మీరు సగమున నిలిపితిరి, బావగారూ. కఱ్ఱ కుంచించుకొని పోయినదనియే మొదట నిర్ణయించిరి. కాని తరువాతి విచారణ నిర్మాణలోపమే కారణమని తేల్చినది. ఇంగ్లాండులోని డెఫర్డున వేఱు విమానములను విప్పి చూడగా, వర్షాకాలమును ఎన్నడును ఎఱుగని ఆ విమానములలోను అవే లోపములు బయటపడెను. కొన్ని కర్మాగారములలో జిగురుపని సరిగా జరుగలేదు. అతుకువాడు త్వరపడెను, చూడవలసినవాడు చూచునప్పటికి తొడుగు మూసివేయబడెను. వానను నిందించుట సులభము. అతుకు పెట్టిన చేతిని వెదకుట కష్టము.

ఇచ్చట నేనొక మాట చెప్పవలెను. ఇరువురును ఒక్క చరిత్రనే ఎదురెదురు దిక్కులకు లాగుచున్నారని నాకు తోచినను, ఆ చరిత్ర నిర్మాతవైపునకే యెక్కువ మొగ్గుననుట సత్యము. ఎండ మీదను, వాన మీదను మోపబడిన నేరము చివరకు మనుష్యుని తొందరపాటుపై నిలిచినది. కాని దానినుండి నిర్మాత తీయగోరు సిద్ధాంతము — తన ప్రాణమును ఆ ఱెక్కకే అప్పగించువాడు అతుకు పెట్టునెడల తొందరపడడనునది — ఎంతవఱకు నిలుచునో చూడవలసియున్నది. తన పనిని తానే ప్రేమించువాని కన్ను తనిఖీకి మిక్కిలి అనర్హమైన కన్ను కావచ్చును గదా! నా మనసులోని యీ మాటనే పరీక్షకుడు వేఱొక విధముగా అందుకొనిరి.

పరీక్షకుడు: కర్మాగారపు కూలివాడు సాయంకాలము ఇంటికి పోవును, మీరు ఆ ఱెక్క క్రిందనే కూర్చుండి పైకి పోవుదురు, కావున మీ చేయి నమ్మదగినదని మీ వాదము. ప్రాణభయము మనుష్యుని జాగరూకుని చేయుననుట కొంతవఱకు నిజము. కాని అది మనుష్యునకు లేని జ్ఞానము నీయలేదు. 1930వ దశకములో ఫ్రెంచిదేశీయుడు ఆంరీ మిన్యే ‘పూ దు సియెల్’ అను చిన్న విమానమును రచించి, గ్రంథము వ్రాసి, మేకులపెట్టె కట్టగలవాడు దీనిని కట్టగలడని ప్రజల నుత్సాహపఱచెను. కట్టినవారందఱు తమ ప్రాణములను అందే యుంచిరి, అందఱును శ్రద్ధాళువులే. అయినను వరుసగా ప్రాణములు పోయెను. గాలిసొరంగమున పరీక్షించిన పిమ్మట గాని, ముక్కు క్రిందికి వాలినపుడు తిరిగి లేవలేని స్థితి యొకటి దానిలో నున్నదని తెలియలేదు.

నిర్మాత: అందుకే నేను నూతనసృష్టికి పూనుకొనలేదు. తొమ్మిది దశాబ్దములుగా ఎగురుచున్న దానిని, దాని కొలతలనుండి వేలెడైనను తప్పక, కట్టుచున్నాను. ఇక లోహమున అంతయు కనబడునంటిరి. 1988 ఏప్రిలులో హవాయి ద్వీపములలో అలోహా సంస్థవారి బోయింగ్ 737 విమానపు పైకప్పు ఆకాశమున ఊడిపోయి, పరిచారిక యొకతె బలియైనది. దాదాపు తొంబదివేలమార్లు ఎగిరి దిగిన యా విమానమున రేకుల అతుకు వదలి, రివెట్టు రంధ్రముల చుట్టు బీటలు ప్రాకియున్నవి. ఆనాడు ఎక్కుచున్న ప్రయాణికురాలొకతె తలుపుదాపున బీటను చూచియు చెప్పకుండెనట. లోహమునకు అలసట యున్నది, బావగారూ. పొడిగానుంచి, మితమైన బరువు మోయించిన కఱ్ఱకు ఆ యలసట చాల స్వల్పము. ప్రతి తుఫానుకును ఊగి నిలువవలసిన వృక్షమునుండి పుట్టినది గదా!

పరీక్షకుడు: అలోహా విమానమున వదలినది కూడ జిగురే యని మఱువకుడు. ఆ రేకులను రివెట్టులకు పూర్వము జిగురుతోనే అతికిరి. ఎక్కడ చూచినను నా శత్రువు వాడే.

(ఈ మాటకు ఇద్దఱును కొంతతడవు ఊరకుండిరి. పిమ్మట పరీక్షకుని కంఠస్వరము మాఱినది.)

పరీక్షకుడు: బావగారూ, శాస్త్రచర్చ చాలించి నా మనసులోని మాట చెప్పెదను. మీ విమానమున రెండు కుర్చీలు కలవు. నడుపువాడు వెనుక కూర్చుండును. ముందు కుర్చీ ఱెక్క క్రిందనే యున్నది. మా అమ్మాయి అందు కూర్చుండవలెనని ముచ్చటపడుచున్నది. మీరు మీ ప్రాణమును పణముగా పెట్టుదురేని అది మీ స్వాతంత్ర్యము. ఇందులో నాకు మాటలేదు. కాని ముందు కుర్చీలోనిది ఒక్క అతుకునైనను పెట్టినది కాదు, ఒక్క ముక్కనైనను విఱిచి చూచినది కాదు.

నిర్మాత: ఆమె మీకు కూతురు, నాకు కోడలు, నా యింటి దీపమును నేను గాలిలో పెట్టుదునా? ఈ దేశపు చట్టముకూడ దీనిని ఊరక విడిచిపెట్టలేదు. నిర్మాణములో అధికభాగము నేనే, విద్యార్జనకో వినోదమునకో, చేసితినని ఋజువు చూపవలెను. ప్రభుత్వము తరపువారు వచ్చి చూచి అనుమతిపత్ర మీయవలెను. ఇంజను కారుది కావున, నలువది గంటలు నిర్ణీతప్రదేశముననే, ప్రయాణికులు లేక యెగురవలెను. అంతకు పిమ్మటనే ముందు కుర్చీకి మనుష్యులు. అప్పుడైనను, ఈ విమానము సామాన్యవిమానములకు విధించిన భద్రతానియమముల కొలతకు కట్టినది కాదని తెలుపు పలక ప్రయాణికుని కంటియెదుట నుండితీరవలెను.

పరీక్షకుడు: ఆ అధికారి వచ్చునప్పటికి గుడ్డ కప్పబడియుండునా?

నిర్మాత: ఎప్పుడు పిలుతుమో దానిని బట్టి యుండును. సాధారణముగా పూర్తియైన విమానమునే చూతురు.

పరీక్షకుడు: అనగా మూసిన పెట్టెను చూచి సంతకము చేయుదురు. బ్రిటనులో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌వారి పద్ధతి నాకు నచ్చినది ఇందుకే. అచ్చట వారి పరీక్షకుడు నిర్మాణదశలలోనే వచ్చి, ఱెక్కను గుడ్డతోనో ప్లైవుడ్‌తోనో మూయుటకు ముందు లోపలి అతుకులు చూచి పుస్తకమున వ్రాసిపోవలెను. ఆ వ్రాత లేనిదే ముందడుగు లేదు. నా వాదమంతయు ఈ యొక్క విషయముపై నున్నది. అతుకు మంచిదా చెడ్డదా యని అది ఆరిన పిమ్మట చెప్పజాలము. కాని అతికినవాడు దానిని ఎట్లు అతికెనో, చిత్రిక పట్టిన కఱ్ఱను ఎన్ని గంటలలో అతికెనో, జిగురు అంచులవెంట సమముగా పొంగివచ్చినదో లేదో, మూయకముందు ఇంకొక కన్ను చూచి చెప్పగలదు.

నిర్మాత: ఎనిమిది గంటలలోపల. చిత్రిక పట్టిన ముఖము అంతకు మించి నిలువయున్నచో ధూళియు తేమయు చేరి జిగురును చొరనీయవు. గరుకుకాగితముతో రుద్దను, పొడి నారసందులను పూడ్చివేయును. ఱెక్కకు వెన్నెముకయగు స్పారు పొడవు చాలక అతుకవలసివచ్చినపుడు వాలు ఒకటికి పండ్రెండు ఉంచితిని: అంగుళము మందమునకు పండ్రెండంగుళముల యేటవాలు. అన్నియు ఈ పుస్తకమున వ్రాసియుంచితిని.

పరీక్షకుడు: పుస్తకమును వ్రాసినదియు మీరే.

నిర్మాత: నేనే. ఈ దేశమున కూడ ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌వారు సలహాదారులను ఉచితముగా పంపుదురు. 1953లో విస్కాన్సిన్‌లో పుట్టిన సంఘమది. పీటెన్‌పోల్ చెర్రీ గ్రోవ్‌లో కట్టుకొనిన హ్యాంగరునే తెచ్చి ఆష్‌కోష్‌లోని తమ విమానక్షేత్రమున నిలిపి కాపాడుచున్నారు. కాని సలహాదారుని పిలుచుట పిలువకపోవుట కట్టువాని యిచ్ఛ. నేను పిలువక తప్పదని మీరు చెప్పిన మీదట నాకు తోచుచున్నది.

నిర్మాత ఇంత సూటిగా ఒప్పుకొనుట పరీక్షకుని ఆశ్చర్యపఱచెను. అంతట వాదము యొక్క రూపమే మాఱి, ఇరువురును రక్షణవిషయమునకు దిగిరి. నిజమునకు ఈ విషయముననే పరీక్షకుని జ్ఞానము వికసించినది. కట్టుట యొక తపస్సైనచో కాపాడుకొనుట నిత్యానుష్ఠానము. తపస్సును లోకము మెచ్చుకొనును. నిత్యానుష్ఠానమును ఎవరును చూడరు. అందువలన నీ భాగమును కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను.

పరీక్షకుడు: విమానము ఎగిరిన పిమ్మట ఏటేట ఎవరు చూతురు?

నిర్మాత: కట్టినవానికే, ఆ యొక్క విమానమునకు మాత్రమే, తనిఖీ చేయు అధికారపత్రము లభించును. పండ్రెండు మాసములకొకసారి అంతయు విప్పి చూచి, ఎగురుటకు తగియున్నదని వ్రాయవలెను.

పరీక్షకుడు: అట్లైనచో కొన్ని మాటలు వినుడు. కఱ్ఱ పొడవున దాదాపు మాఱదు, అడ్డముగా మాఱును. ఈ దేశమున హేమంతమున ఇండ్లలోని వెచ్చని పొడిగాలికి అది కుంచించును. వేసవి యుక్కకు ఉబ్బును. ఉక్కుపట్టీ కుంచించదు. కావున వేసవిలో బిగించిన బోల్టు చలికాలమున వదులగును. వదులైన బోల్టు తన రంధ్రమును తానే కోడిగ్రుడ్డువలె సాగదీయును. ప్రొపెల్లరు బోల్టులను ఋతువు మాఱినప్పుడెల్ల బిగువుకొలత యంత్రముతో చూడవలెను. రంధ్రముల లోపలి గోడలకు వార్నీషు పట్టించితిరా?

నిర్మాత: పట్టించితిని. ప్రతి గదికి క్రిందిచోట నీరు పోవుటకు కంత కూడ పెట్టితిని.

పరీక్షకుడు: ఆ కంతలు దుమ్ముతోను, పురుగుల గూళ్ళతోను పూడిపోవును, ప్రతి మాసము పుల్లతో పొడిచి చూడుడు. కఱ్ఱలో తేమ నూటికి ఇరువది దాటనీయనంతకాలము కుళ్ళు పుట్టదు. సూదుల తేమమాపకమును స్పారు మొదట, ఎప్పుడును ఒకే స్థానమున, గ్రుచ్చి వ్రాసి పెట్టుకొనుడు. ఒక్కసారి చూచిన అంకె ఏమియు చెప్పదు. అంకెల వరుస చెప్పును. తనిఖీకంత మూత తీసిన తక్షణమే, దీపము పెట్టక ముందు, ముక్కు పెట్టుడు. బూజువాసన కంటికంటె ముందు చెప్పును. ఎలుకమూత్రపు వాసన యున్నచో, గుడ్డ చింపియైనను ఆ గూటిని తీసివేసి, క్రింద కఱ్ఱ ఎంతవఱకు నానినదో చూడవలెను. ఎలుక యొక శీతకాలము కాపురమున్న ఱెక్క చూపునకు ఎంత అందముగా నున్నను నమ్మదగినది కాదు. మొండి సూదిమొనతో అనుమానమున్నచోట నొక్కుడు. మంచికఱ్ఱ ఎదురుతిరుగును, కుళ్ళినది లొంగును.

నిర్మాత: ఱెక్కకొన నేలను రాచుకొనినచో?

పరీక్షకుడు: అది నాకు మిక్కిలి భయము కలిగించునది. దెబ్బ కొనయందు తగులును. గాయము మొదటియందు పుట్టును. స్పారు పైముఖమున, బలపుచెక్క ముగిసినచోట, నారకు అడ్డముగా వెండ్రుకంత గీత యేర్పడును. నార నలిగినదనుటకు అది గుర్తు. పొడవున పోవు బీటను బాగుచేయవచ్చును. అడ్డుగీత యున్న స్పారును మార్చవలసినదే. దుమ్ము పట్టినచో ఆ గీత కనబడదు. తుడిచి, దీపమును కఱ్ఱకు చెక్కిలి ఆనించినట్లు ప్రక్కగా పెట్టి, అద్దమును త్రిప్పుచు చూడుడు. అట్టి దెబ్బ తగిలిన మఱుక్షణమున ఎంత చిన్నదైనను, ఎవరును చూడకున్నను, పుస్తకమున వ్రాయుడు. మీకు గుర్తుండుట చాలదు.

నిర్మాత: నాకు గుర్తున్నంతకాలము చాలదా?

పరీక్షకుడు: మీరున్నంతకాలము చాలును. తరువాత?

నిర్మాత: నేనుండగా దీనిని అమ్మను.

పరీక్షకుడు: అమ్మువారు మీరు కారు, బావగారూ, మన పిల్లలు. పైకప్పు క్రింద చోటు లేదనియో, డబ్బు అవసరమనియో ఇరువదియేండ్లకు ఎవరికో ఇత్తురు. కొనినవానికి మీకున్న అధికారపత్రము రాదు. లైసెన్సు గల మెకానిక్కును పిలుచుకొనవలెను. ఆ మెకానిక్కు జీవితమున కఱ్ఱస్పారును చూడనివాడు కావచ్చును. మీ చేతికి తెలిసినదంతయు మీతో పోవును. ఆ ఱెక్క అప్పుడు నిజముగా మూసివేసినదగును. తన ప్రాణము పెట్టినవాని చేయి నమ్మదగినదను మీ సిద్ధాంతము ఆనాటితో సమాప్తమగును. ఎగురువాడు వేఱు, అతికినవాడు వేఱు. అది మరల కర్మాగారపు విమానమే.

ఈ మాటకు నిర్మాత వెంటనే ఉత్తరము చెప్పలేదు. నాకును ఇంతటి బలమైన యాక్షేపణ అంతవఱకు వినబడలేదు. ఇంట కట్టిన విమానమును గూర్చి పొగడువారందఱు కట్టినవానిని గూర్చియే పొగడుదురు. రెండవ యజమానుని, మూడవ యజమానుని మాట తలపెట్టువారు తక్కువ. విమానము కట్టినవానికంటె దీర్ఘాయువు. పీటెన్‌పోల్ 1984లో మరణించినను, ఆయన చేతి విమానములు వేఱువారి చేతులలో మిగిలియున్నవి.

నిర్మాత: అట్లైనచో వినుడు. రేపటినుండి ప్రతి జిగురునకు ఒక్క ముక్క గాక రెండేసి చేయుదును. ఒకదానిని ఇప్పుడే విఱిచి వ్రాయుదును. రెండవదానిని విఱువక, తేదీ చెక్కి, దాచెదను. ఏటి తనిఖీలో ఒక్కొకటి తీసి విఱువవలెను. నా తరువాతివాడు ఏ జిగురుతో, ఏ కఱ్ఱతో ఈ ఱెక్క నిలిచియున్నదో నా మాట నమ్మనక్కఱలేదు. అదే వయసు గల అతుకును తన సుత్తితో విఱిచి చూచుకొనును. పుస్తకమును, ముక్కలను విమానముతోనే యియ్యవలెనని వీలునామాలో వ్రాయుదును.

పరీక్షకుడు: ఇది మేలైన యాలోచన. కాని ఆ ముక్కలను ఇంటిలో వెచ్చగా దాచకుడు. విమానమున్న హ్యాంగరులోనే, ఱెక్క కెంత చలియో వానికిని అంత చలి, ఱెక్క కెంత యుక్కయో వానికిని అంత యుక్క తగులునట్లు ఉంచుడు. ఏ ముక్కకు ఏ అతుకు తోబుట్టువో వరుసయంకెలతో పటముపై గుర్తింపుడు. గుడ్డ కప్పుట నేను పోవులోపలనా?

నిర్మాత: వచ్చేమాసమున కప్పవలెనని యుంటిని. మీరు చూచి, ఆ సంఘపు సలహాదారుకూడ చూచిన పిమ్మటనే కప్పుదును.

పరీక్షకుడు: స్పారుల మొదళ్ళనుండి మొదలిడుదము. ఉక్కుపట్టీలు విప్పియుంచుడు; వాని క్రింద కఱ్ఱ ఏ రంగున నున్నదో చూడవలెను.

నిర్మాత: విప్పెదను. ముందు కుర్చీ సంగతి?

పరీక్షకుడు: నలువది గంటలు మీరొక్కరే యెగిరి దిగిన పిమ్మట, మొదటి యేటి తనిఖీలో మొదటి ముక్కను నేను నాచేతితో విఱిచిన పిమ్మట అడుగుడు.